మూట విప్పి చూపించమన్న ఏజెంటు

2022 జూలై 13, బుధవారం, మధ్యాహ్నం రెండున్నర. దిల్‌సుఖ్‌నగర్ కార్యాలయం, రెండో అంతస్తు. హాజరైనవారు: సంస్థ యజమాని వసంత గారు, పోచంపల్లి పక్క ఊరి నేత కుటుంబాల తరఫున చిలువేరు యాదయ్య, ఆయన వదిన లక్ష్మమ్మ, ఎల్బీ నగర్ నుంచి రవాణా ఏజెంటు కవిత, షిప్పింగ్ మేనేజరుగా నేను. బయట వాన. విషయం: మెల్‌బోర్న్ సరుకుకు ఫార్వర్డర్ ఎంపిక.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. అప్పటికి నా ఉద్యోగ విరమణకు ఎనిమిది నెలలు ఉన్నాయి. చేనేత బట్టను విదేశాలకు పంపే ఆ సంస్థలో గుమాస్తాగా చేరి షిప్పింగ్ మేనేజరునయ్యాను. ఫార్వర్డర్‌ను ఎంచుకోవడంలో నన్ను తప్పుపట్టగలవారు మా కార్యాలయంలో లేరు. ఈ మాట గొప్పకు రాయడం లేదు. ఆ రోజు జరిగింది అర్థం కావాలంటే నా నమ్మకం ఏ స్థాయిలో ఉండేదో చెప్పాలి.

ఈ పని తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. విదేశాలకు సరుకు పంపే వ్యాపారి నేరుగా ఓడ కంపెనీ దగ్గరికి వెళ్లడు. మధ్యలో ఫార్వర్డర్ ఉంటాడు. ఆయనకు సొంత ఓడ ఉండదు, చాలామందికి సొంత లారీ కూడా ఉండదు. ఇక్కడి లారీ, కస్టమ్స్, రేవు, ఓడ, అవతలి దేశంలో మళ్లీ రేవు, మళ్లీ లారీ, ఈ ముక్కలన్నిటినీ కలిపి కుట్టేది ఆయనే. ఒక్క కుట్టు జారినా సరుకు అక్కడే ఆగిపోతుంది. కంటైనరు నిండేంత సరుకు లేనప్పుడు ఏడెనిమిది మంది వ్యాపారుల సరుకును ఫార్వర్డరే ఒక కంటైనరులో సర్దుతాడు. మా మెల్‌బోర్న్ సరుకు అలాంటిదే. మొత్తం నలభై ఎనిమిది మూటలు.

ఎంపికకు నా దగ్గర ఒక పట్టిక ఉండేది. ఒక్కో ఫార్వర్డర్‌కు ఒక వరుస, ఏడు గడులు. మాతో గతంలో చేసిన పని, ప్రయాణం ఎన్ని రోజులు, దారిలో సరుకు ఎన్నిసార్లు ఓడ మారుతుంది, కంటైనరులో ఎవరు ఎక్కిస్తారు, అవతలి దేశంలో జవాబు చెప్పే మనిషి పేరు, నష్టం జరిగితే పరిహారం అడగడానికి గడువు, చివరికి చార్జీ. చార్జీని కావాలనే చివర పెట్టేవాణ్ని. ముందు పెడితే చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగిపోతుంది. అయిదో గడిలో ఫోన్ నంబరు మాత్రమే ఇచ్చి మనిషి పేరు ఇవ్వనివాళ్లను నేను చాలాసార్లు పక్కన పెట్టాను. సరుకు ఆగినప్పుడు నంబరు మోగుతూనే ఉంటుంది. పేరున్న మనిషైతే ఏదో ఒకటి చెప్పక తప్పదు.

ఈ సరుకు మా మామూలు సరుకు కాదు. అంతకుముందు చలికాలంలో మెల్‌బోర్న్‌లోని ఒక దుకాణాల సంస్థ నుంచి కొనుగోలు అధికారి వచ్చి, యాదయ్య వాళ్ల ఊళ్లో మగ్గాల దగ్గర కూర్చుని బట్ట చూసింది. మధ్యవర్తి వద్దని, నేసినవాళ్ల పేర్ల చీటీలతో నేరుగా వాళ్ల దగ్గరే కొంటానని చెప్పింది. ముప్పై రెండు కుటుంబాలు ఆ ఆర్డరు తీసుకున్నాయి. ఎగుమతి లైసెన్సు, కాగితాలు, రవాణా మాత్రం మా సంస్థ చూస్తుంది. అక్కడి వసంతకాలం సెప్టెంబరులో మొదలవుతుంది. ఆగస్టు ఆఖరుకు సరుకు చేరకపోతే ఆర్డరు రద్దని ఒప్పందంలో స్పష్టంగా ఉంది. అప్పటిదాకా నూలిచ్చి బట్ట తీసుకునే ఊరి షావుకారు, ఈ ఆర్డరు పట్టుకున్న రోజు నుంచి వాళ్లకు నూలు ఇవ్వడం మానేశాడు. ఇది తప్పితే ముప్పై రెండు ఇళ్లూ మళ్లీ ఆయన గడప తొక్కాలి, అదీ ఆయన చెప్పిన షరతులకు. వాళ్లందరినీ ఒప్పించింది యాదయ్యే. ఆ నెలంతా మా కార్యాలయానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేవాడు, “సారూ, టైముకు ముడుతది గదా?” అని.

ముడుతుందని నేను ప్రతిసారీ చెప్పాను.

మా ముందున్నవి మూడు కొటేషన్లు. ఒకటి నగరంలో పడమటి వైపు పెద్ద కార్యాలయం ఉన్న సంస్థది. అందరికన్నా తక్కువ రోజుల ప్రయాణం, అవతల మాత్రం ఫోన్ నంబరే. రెండోది మూర్తిది. కాకినాడ మనిషి, పద్దెనిమిదేళ్లుగా మా సరుకు నడుపుతున్నాడు. ఒక్క మూట పోలేదు, ఒక్క రోజు ఆగలేదు. మూడోది కవితది. ఆమె ఒక కస్టమ్స్ ఏజెంటు దగ్గర పదేళ్లు పనిచేసి, ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ దగ్గర టిఫిన్ సెంటర్ పైన ఒక గది కిరాయికి తీసుకుని సొంతంగా మొదలుపెట్టింది. నల్లగొండ వైపు కుటుంబం. ఆమె తండ్రి ఒకప్పుడు పోచంపల్లికి నూలు లారీ తోలేవాడు. ఆ పరిచయంతో యాదయ్య తీసుకొచ్చాడు. ప్రయాణం మూర్తి కన్నా నాలుగు రోజులు ఎక్కువ, చార్జీ కూడా కొంచెం ఎక్కువే. మొదటి గడిలో రాయడానికి ఏమీ లేదు.

నిజం చెప్పాలంటే, సమావేశానికి ముందే పట్టిక మీద మూర్తి పేరు పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టేశాను. కవితను పిలిచింది యాదయ్య మాట కాదనలేక. నా సంచిలో ఇంకో కాగితం కూడా సిద్ధంగా ఉంది. ఆస్ట్రేలియాకు వెళ్లే ప్రతి సరుకుతో ప్యాకింగ్ డిక్లరేషన్ అనే పత్రం వెళ్లాలి. ప్యాకింగులో గడ్డి, ఆకులు, బెరడు వంటివి లేవని పంపేవారు సంతకం పెట్టి చెప్పాలి. బయటి మొక్కలతో, పురుగులతో తమ పంటలకు తెగులు వస్తుందని ఆ దేశానికి భయం. ఆ పత్రం మీద “లేవు” అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి అప్పటికే రెండు రోజులైంది.

కవిత తన కొటేషను గురించి ఎక్కువ మాట్లాడలేదు. చిన్న నోట్‌బుక్ తీసి అడగడం మొదలుపెట్టింది.

“మూటలు ఎవరు కట్టిన్రు సార్?”

“ఊళ్లోనే కట్టారు. ఇప్పుడు మా గోదాములో ఉన్నాయి.”

“మీరు చూస్తుండగ కట్టిన్రా?”

ఈ ప్రశ్న నాకు నచ్చలేదు. కొలతలు, బరువులు నేనే తీసుకున్నానని చెప్పాను.

“అది కాదు సార్. లోపల బట్టతోని ఇంకేమన్న ఉందా అని. ఒక మూట విప్పి చూపిస్తరా?”

గదిలో అందరూ ఒక్కసారి ఆమె వైపు చూశారు. కుట్టిన మూటను విప్పమని అంతకుముందు ఏ ఫార్వర్డరూ నన్ను అడగలేదు. అందరికన్నా ముందు యాదయ్య తల అడ్డంగా ఊపాడు.

“ఏందమ్మా గట్లంటవు? మంచి రోజు చూసి, పసుపు బొట్టు పెట్టి కుట్టినం. కొన్నోళ్ల చేతులనే ఇప్పాలె. నడుమల ఇప్పుతరా?”

“అన్నా, కొన్నోళ్లకన్న ముందు అక్కడి ఆఫీసరు ఇప్పుతడు. గాయిన ఇప్పేకన్న మనం ఇప్పుకుంటె మంచిది గదా?”

“గాయినకు మా మూటతోని ఏం పని?”

“గాయిన పనే గది.”

వసంత గారు నా వైపు చూసి నవ్వారు. ఆమెది గుంటూరు వైపు, ఏ పనైనా నాన్చడం ఆమెకు పడదు. “ఏమండీ రామచంద్రం గారూ, విప్పితే మళ్లీ కుట్టుకోలేమా ఏంటి? గోదాము ఇక్కడేగా, పదండి,” అని గొడుగు తీసుకున్నారు.

మా గోదాము కొత్తపేటలో, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు వెనక సందులో. మార్కెట్ అంతకుముందు ఏడాదే తరలిపోవడంతో అక్కడ కిరాయిలు దిగి, మాలాంటివాళ్లకు అందుబాటులోకి వచ్చాయి. కార్యాలయం నుంచి నడిచే దూరమే. దారిలో లక్ష్మమ్మ మాత్రమే మాట్లాడింది. కవిత తండ్రి బాగున్నాడా, మోకాళ్ల నొప్పులు తగ్గినయా అని అడిగింది. మూట విప్పడం గురించి ఆమెకు ఏ బెంగా లేదు. ఆ మూటలు సర్దినవాళ్లందరికీ పెద్ద ఆమే.

పన్నెండో నంబరు మూట కవిత ఎంచుకుంది. పై వరుసలోది కాకుండా నడిమి వరుసలోది తీయమంది. కుట్టు కోసి, పైనున్న ప్లాస్టిక్ పట్టా తెరిచి, మొదటి మడత ఎత్తింది. ఎండిన వేపాకు జలజలా నేల మీద రాలింది. రెండో మడతలో మళ్లీ వేపాకు. మూడో దాంట్లోనూ అంతే. రెమ్మలు కూడా తీయకుండా, ప్రతి మడతలో గుప్పెడు చొప్పున, ఎంతో శ్రద్ధగా పరిచారు.

సంతకం పెట్టిన కాగితం నా సంచిలోనే ఉంది. లక్ష్మమ్మ మాత్రం సంతోషించింది.

“సూడు, ఒక్క మడత ఇడిసిపెట్టలే. గంజి పెట్టిన బట్ట, నెల రోజులు ఓడల ఉంటదంటిరి. వేపాకు లేకుంటె పురుగు పట్టదా? మా అత్త పెట్టింది, మా అత్తకు ఆమె అత్త నేర్పింది. ఇన్నేండ్లల్ల ఏ చీరకూ చిల్లి వడలే.”

“నువ్వు చేసింది మంచిదే పెద్దమ్మా,” అంది కవిత. “కాని గా దేశంల ఆకు అడుగు పెట్టనియ్యరు. ఆకుతోని పురుగు గుడ్లు వస్తయని భయం వాళ్లకు.”

“వేపాకుకు పురుగా? పురుగు రావద్దనే గదా పెట్టింది.”

“గా సంగతి మనకు తెలుసు. వాళ్లకు మనమెట్ల చెప్తం?”

“ఫోన్ చేసి చెప్పరాదు,” అన్నాడు యాదయ్య. వేళాకోళంగా అన్నా, ఆయన ముఖంలో రంగు మారింది. దొరికితే ఏం చేస్తారని అడిగాడు. కవిత దాచకుండా చెప్పింది. సరుకు ఆపి మందు పొగ పెట్టిస్తారు, లేదంటే వెనక్కి పంపుతారు, లేదంటే నాశనం చేస్తారు. ఏది చేసినా వారాలు పడుతుంది. అదే కంటైనరులో ఉన్న మిగతా వ్యాపారుల సరుకూ అంతదాకా కదలదు. యాదయ్య ఒక మూట మీద కూర్చుండిపోయాడు.

ఇందులో నా తప్పు ఎక్కడుందో రాయాలి. అన్నేళ్లుగా మేము పంపిన బట్టంతా మా గోదాములోనే ఇస్త్రీ చేసి, పాలిథిన్ సంచుల్లో పెట్టి, మా మనుషులు కట్టినది. లోపల ఏముందో చూడాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. ఈ మూటలు మొదటిసారి నేసినవాళ్ల ఇళ్లలో కట్టారు. ఇంట్లో బట్ట దాచుకునే పద్ధతిలోనే కట్టారు. చేనేత కుటుంబాల్లో పెట్టెలోని ప్రతి చీర మడతలోనూ వేపాకు ఉంటుందని నాకు తెలియకపోలేదు. మా ఇంట్లోనూ ఉండేది. తెలిసిన సంగతినే అడగకుండా “లేవు” అని సంతకం పెట్టాను.

అక్కడి నుంచే మూర్తికి ఫోన్ చేశాను. విషయం చెప్పి, లోపలి సరుకు గురించి నన్నెందుకు అడగలేదన్నాను.

“మీరుండగా నేనడగడమేంటండీ?” అన్నాడు మూర్తి. “పద్దెనిమిదేళ్లలో మీ సంతకం చూశాక ఇంకో కాగితం చూశానా నేను?”

ఇప్పుడేం చేద్దామన్నాను.

“ఆకులేగా సార్. పైపైన దులిపించి పంపేయండి. అన్ని కంటైనర్లూ తెరిచి చూడరండీ వాళ్లు. ఏదన్నా వస్తే నేను చూసుకుంటాను.”

పెద్ద సంస్థ వాళ్లను కూడా ఇదే అడిగాను. కస్టమరు ఇచ్చిన డిక్లరేషనే తమకు ఆధారమని, లోపలి సరుకుతో తమకు సంబంధం లేదని అటువైపు కుర్రవాడు మర్యాదగా చెప్పాడు. నియమం ప్రకారం అతను చెప్పింది సరైనదే.

ఫోన్ పెట్టేశాక కవిత వైపు తిరిగాను. సరుకు తనకే ఇస్తే ఏం చేస్తుందని అడిగాను.

“శనివారం చెన్నైల కంటైనరు ఎక్కిస్తం. రేపు మధ్యాన్నంకల్ల లారీ ఇక్కడికెల్లి బయలెల్లాలె. అంటే నలభై ఎనిమిది మూటలూ రేపు పొద్దున ఇప్పి, ప్రతి గుడ్డ దులిపి, మళ్ల కట్టాలె. ఒక్క ఆకు దొరికినా ఆ మూట నా కంటైనర్ల ఎక్కియ్య సార్. అండ్ల ఇంకా ఏడుగురి సరుకుంది.” నోట్‌బుక్ మూస్తూ మళ్లీ అంది. “నాకు ఇయ్యకున్నా ఏం గాదు. మీ దగ్గర సంతకం పెట్టిన కాగితం ఉంటె మాత్రం గది పంపకుండ్రి.”

ఆ కాగితం సంగతి ఆమెకు నేను చెప్పలేదు. పదేళ్లు ఆ పనిలో ఉన్న మనిషి, నాలాంటివాళ్లు ఎప్పుడు సంతకం పెడతారో ఆమెకు తెలిసే ఉంటుంది.

పట్టిక మీది పెన్సిలు టిక్కు చెరిపి, కవిత పేరు దగ్గర పెన్నుతో టిక్కు పెట్టాను. వసంత గారు ఒక్క ప్రశ్నే అడిగారు, నాలుగు రోజులు ఎక్కువైనా గడువులోపు చేరుతుందా అని. వారం రోజులు మిగులుతుందని లెక్క చూపించాను. ఆమె సరేనన్నారు. మూర్తికి మళ్లీ ఫోన్ చేసి నిర్ణయం చెప్పాను. “ఆ ఎల్బీ నగర్ అమ్మాయికా సార్? కానివ్వండి, ఓడలన్నీ నావే అంటే ఎట్లా,” అని నవ్వేశాడు. తరువాత కూడా మా మిగతా సరుకు ఆయనే నడిపాడు.

ఫలితం కూడా ఇక్కడే చెప్పేస్తాను. సరుకు గడువుకు అయిదు రోజుల ముందు చేరింది. దానిని అక్కడ తెరిచి చూశారో లేదో మాకు ఎవరూ తెలియజేయలేదు. మూర్తి చెప్పినట్టు పైపైన దులిపి పంపినా చేరేదేమో, ఆ సంగతి నాకెప్పటికీ తెలియదు. నా నిర్ణయం సరైనదనడానికి సరుకు చేరడాన్ని నేను సాక్ష్యంగా తీసుకోవడం లేదు.

మరుసటి ఉదయం, గురువారం. ఊరి నుంచి మొదటి బస్సుకు పదకొండు మంది ఆడవాళ్లు ఎల్బీ నగర్‌లో దిగి, ఆటోల్లో ఏడున్నరకు గోదాము చేరారు. లక్ష్మమ్మ రాత్రి కొత్తపేటలోని చెల్లెలింట్లో ఉండి, వాళ్లకన్నా ముందే వచ్చి కూర్చుంది. కవిత కార్లు కడిగే షాపు నుంచి దుమ్ము లాగే మిషను కిరాయికి తెచ్చింది. వాన తెరిపిచ్చింది. నేల మీద కొత్త పట్టాలు పరిచి, ఒక పక్క విప్పిన గుడ్డలు, ఇంకో పక్క దులిపినవి. నేను నడుమ నిలబడి ఒక్కో మూటను చూసి, సరేనన్నది కుట్టుకు పంపుతున్నాను. వేపాకుకు బదులు తేమ పీల్చే చిన్న పొట్లాలు మూటకు నాలుగు చొప్పున వేయించాను, పైపట్టాలూ కొత్తవే తొడిగించాను.

కుట్టు వేసేముందు కవిత టార్చి పట్టుకుని మళ్లీ చూస్తోంది. ముప్పై ఒకటో మూటలో, దుపట్టా కొసల ముడుల మధ్య చిన్న వేపరెమ్మ పుల్ల దొరికింది. నేను సరేనన్న మూట అది. ఆమె మూటను నా వైపు వెనక్కి నెట్టింది.

“సారు కండ్లద్దాలు మార్చాలె,” అంది లక్ష్మమ్మ. ఆడవాళ్లంతా నవ్వారు. నేను కళ్లద్దాలు తుడుచుకుని ఆ మూటను మొదటి గుడ్డ నుంచి మళ్లీ చూశాను.

పన్నెండు గంటలకు నలభై ఎనిమిదో మూట కుట్టారు. లక్ష్మమ్మ భరిణె తీసి, పసుపు వేలికి అద్దుకుని మూట మీదికి వంగింది. కవిత చెయ్యి అడ్డం పెట్టింది.

“పెద్దమ్మా, పసుపు సుత వద్దు.”

“పసుపు గూడనా? గా దేశపోళ్లకు ఏది మంచిది మరి?”

“లారీకి పెట్టరాదే వదినా,” అన్నాడు యాదయ్య. “లారీ చెన్నై దాకనే పోతది. గాడ ఎవరేమంటరు?”

లక్ష్మమ్మ వెళ్లి లారీ ముందు అద్దం కింద మూడు బొట్లు పెట్టింది. యాదయ్య కొబ్బరికాయ కొట్టాడు. మూడు రోజుల కిందటి డిక్లరేషన్‌ను నేను చింపేశాను. కొత్తది రాసి, ఆఖరి మూట లారీ ఎక్కాకే సంతకం పెట్టి కవిత చేతికిచ్చాను. పన్నెండున్నరకు లారీ సందు దాటింది.

కార్యాలయానికి వచ్చి పట్టిక బయటికి తీశాను. నా ఏడు గడులూ ఫార్వర్డర్ ఎలాంటివాడో చూడటానికి పనికొచ్చేవి. నేను పంపే సరుకును, నా మాటను సందేహించి చూసేవాడెవడో తెలుసుకోవడానికి వాటిలో ఒక్కటీ లేదు. నన్ను ఎక్కువ నమ్మినవాడినే నేను మంచి ఏజెంటు అనుకుంటూ వచ్చాను. స్కేలు పెట్టి ఎనిమిదో గడి గీశాను. పైన “మూట విప్పి చూశారా?” అని రాశాను. పెద్ద సంస్థ వరుసలో “లేదు”, మూర్తి వరుసలో “లేదు”, కవిత వరుసలో “అవును” అని నింపాను. వాటి కింద ఇంకో వరుస గీసి నా పేరు రాశాను. ఎనిమిదో గడిలో “లేదు” అని నింపి, తేదీ వేశాను.